ముప్పైమంది జేబుల్లో ఒకే సీసా

శనివారం మధ్యాహ్నం రెండు గంటలవేళ, ఊరి చివర రైలుగేటు పక్కనున్న బాలికల జూనియర్ కాలేజీ హాస్టల్లో ముప్పైమంది ఆడపిల్లలు తలకి నూనె పట్టించుకుని కుళాయి దగ్గర వంతుకోసం పోట్లాడుకుంటున్నారు. శనివారమంటే వాళ్ళకి తలంటు రోజు, బట్టలుతుక్కునే రోజు. ఒక చేతిలో కుంకుడుకాయల గిన్నె, ఇంకో చేతిలో వారమంతా వేసుకున్న ల్యాబు కోటు. కుళాయి తిప్పారో లేదో, కెమిస్ట్రీ లెక్చరర్ భ్రమరాంబ కొంగు నడుముకి దోపుకుని గేటులోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఆగండే! ఎవ్వరూ నీళ్ళు ముట్టుకోకండి! కోట్లు తడపకండి!"

"తలంటుకూడానా మేడం?" అంది నూకరత్నం. ఆ పిల్ల నూనె అప్పటికే చెంపలమీదుగా మెడదాకా కారుతోంది.

"తలంటుకూడానే తల్లీ! బకెట్లు కిందపెట్టి, ఎవరి కోటు వాళ్ళు పట్టుకుని ల్యాబుకి రండి. పరిగెత్తకండి, మెల్లిగా రండి. జేబుల్లో చెయ్యి పెట్టకండి."

ఆ గొంతు విన్నాక ముప్పై జిడ్డు తలలు వరసకట్టి ల్యాబువైపు నడిచాయి. ఆఫీసు గుమాస్తా కిటికీలోంచి చూసి ఇదేం ఊరేగింపురా దేవుడా అనుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ పొద్దున ల్యాబులో సోడియం పాఠం జరిగింది. చాకుతో కోస్తే జున్నుముక్కలా తెగే లోహం అది. చూడ్డానికి ఎంత మెత్తనో, నీటిచుక్క తగిలితే అంత పెంకి. బుసబుసమని నురగలు కక్కుతుంది, పసుపురంగు మంట లేస్తుంది, ఒక్కోసారి ఠప్పున పేలి కళ్ళల్లోకి ఎగురుతుంది. అందుకే దాన్ని కిరసనాయిలులో ముంచి ఉంచుతారు. భ్రమరాంబ శనగగింజంత ముక్కలు ఆరు కోసి, ఆరు చిన్న సీసాల్లో కిరసనాయిలు పోసి వేసుకుంది. మధ్యాహ్నం భోంచేసి వచ్చి, బీరువాకి తాళం వేసేముందు చూసుకుంటే అయిదే ఉన్నాయి. బల్లలకింద వెతికింది, తొట్లలో వెతికింది, చెత్తబుట్ట బోర్లించింది. ఆరోది లేదు.

గోడకి ఆనుకుని నిలబడి ఆలోచిస్తే ఒక్కటే తోచింది. ఎవరి కోటు జేబులోనో ఉండిపోయి ఉంటుంది. ఇవాళ శనివారం. ఇంకాసేపట్లో ముప్పై కోట్లు బకెట్లలో పడతాయి. బకెట్‌మీద వంగిన పిల్ల మొహం ఊహలోకొచ్చేసరికి ఆవిడకి కాళ్ళు ఆగలేదు.

ల్యాబులో కోట్లన్నీ పొడి బల్లమీద పరిచి, భ్రమరాంబ ఒక్కొక్క జేబూ తనే తడిమి చూసింది. పిన్నీసులు, రబ్బరుబ్యాండ్లు, సగం కొరికిన బెల్లం జీడి, ఎవరో ఎవరికో రాసిన చీటీ దొరికాయి. సీసా మాత్రం దొరకలేదు.

"సరే, కోప్పడను. ఒట్టు. పొద్దున ఆ సీసా జేబులో వేసుకున్నది ఎవరో చెప్పండి."

ముప్పై చేతులు లేచాయి.

భ్రమరాంబ కళ్ళు మూసుకుని "ఓరి భగవంతుడా" అనుకుంది. ఇలా జరుగుతుందని ఆవిడ ముందే ఊహించి ఉండాల్సింది. కలబోత వచ్చాక ఈ ల్యాబులో చెయ్యి ఎత్తని పిల్ల లేదు.

కలబోత అంటే ఆ కాలేజీకి ఎనిమిది నెలలకిందట వచ్చిన పెట్టె. అన్నం కుక్కరంత ఉంటుంది. దానికి ముప్పై ఒక్క తలపట్టీలు. పాఠం మొదలయ్యేటప్పుడు పిల్లలూ, లెక్చరరూ తలోటి కట్టుకుంటారు. ఎవరి చేతులు ఏం చేశాయో, ఎవరి కళ్ళు ఏం చూశాయో, ముక్కుకి ఏ వాసన తగిలిందో అంతా పట్టీలోకి ఎక్కుతుంది. గంట కొట్టాక అందరూ పది నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చుంటే, ఒక్కొక్కరి అనుభవం మిగతా అందరి బుర్రల్లోకీ దిగుతుంది. ఒక పిల్ల ఒక్కసారి చేసిన ప్రయోగం ముప్పైమందీ చేసినట్టే. సువార్త బర్నరుమీద వేలు కాల్చుకున్న రోజునుంచీ, ముప్పైమందీ బర్నరు వెలిగించేముందు అదే వేలు ఊదుకునేవాళ్ళు. ఒకసారి ఆ పిల్లకే పాఠం మధ్యలో పన్ను నొప్పెట్టింది. ఆ సాయంత్రం హాస్టలంతా బుగ్గ పట్టుకుని మూలిగితే, వార్డెనమ్మ లవంగనూనె సీసా పట్టుకుని గదిగదికీ తిరిగి అలిసిపోయింది.

ఇవి విని అందరూ నవ్వుకునేవాళ్ళు కానీ, మార్కులు చూస్తే మాత్రం నవ్వు రాదు. జిల్లా మొత్తంమీద ప్రాక్టికల్సులో ఈ పిల్లలే ముందు. ప్రిన్సిపాలుగారైతే పెట్టెకి రోజూ బొట్టు పెట్టించేవారు.

అంతకుముందు భ్రమరాంబకి ఇరవైరెండేళ్ళుగా ఒక పద్ధతి ఉండేది. ప్రయోగం అయ్యాక ఎవ్వరూ గాజుసామాను కడగకూడదు. మురికి పరీక్షనాళిక ఎదురుగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇవాళ ఏం చేశానో మొదటినుంచీ నోటితో చెప్పాలి. తన పొరపాటేదో చెప్పాకే కడుగుడు. పిల్లలు దాన్ని అప్పగింతలు అనేవాళ్ళు. గంట పట్టేది, ఒక్కోసారి ఏడుపులూ ఉండేవి. కలబోత వచ్చాక దానికి పని లేకుండా పోయింది. అందరికీ అన్నీ తెలిసినప్పుడు ఎవరికి ఎవరు చెప్పాలి?

"ముప్పైమందీ ఒకే సీసా ఎలా వేసుకుంటారే?" అంది భ్రమరాంబ.

"వేసుకోలేదండి, గుర్తుందండి," అంది నూకరత్నం. "కానీ అది నాది కాదు కదండి. ఇంకోళ్ళదే నాలోకొచ్చిందండి."

"నాకూ అంతేనండి," అంది షాహెదా. "ఎవరో వేసుకునుంటారు, వాళ్ళే తీసేస్తారులే అనుకున్నానండి."

"నేనూ అలాగే అనుకున్నానండి" అని నాలుగు మూలలనుంచీ వచ్చింది.

 భ్రమరాంబ తలలోనూ ఆ జ్ఞాపకం ఉంది. నీలం తొడుగు వేసుకున్న చెయ్యి, చిన్న సీసా, జేబు. పొద్దుననుంచీ ఉంది. ఆవిడా సరిగ్గా ఈ పిల్లలు అనుకున్నట్టే అనుకుంది. ఎనిమిది నెలల్లో ఎన్ని బీకర్లు పగిలాయో, ఒక్కదానికైనా ఎవరన్నా 'నా వల్లే మేడం' అన్నారా? ఎవరూ అబద్ధమాడలేదు పాపం. తప్పు ముప్పై ఒక్క వాటాలు పడితే ఒక్కో వాటా ఎంతుంటుంది? దులిపితే పోయేంత.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు ప్రద్యుమ్న. కలబోత తయారుచేసిన కంపెనీ ఇంజనీరు. పాతికేళ్ళవాడు, మంచివాడు, పెట్టె గురించి సొంత తమ్ముడి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటాడు. మిగతా కాలేజీలకి కూడా కలబోత ఇవ్వొచ్చని భ్రమరాంబ చేత నివేదిక రాయించుకోవడానికి పొద్దుననుంచీ ఇక్కడే ఉన్నాడు.

"ఆ జ్ఞాపకం ఏ పట్టీలోంచి వచ్చిందో పెట్టెలో చూడలేవా బాబూ?" అని అడిగింది భ్రమరాంబ.

అతను తల గోక్కున్నాడు. "కలిపేశాక విడదీయడం అవ్వదండి. పాలల్లో పంచదార కలిపాక... అంతేనండి. మేం పేర్లు కావాలనే తీసేశాం. పిల్లలు సిగ్గుపడకూడదని."

మంచి ఉద్దేశమే. మంచి ఉద్దేశాన్ని ఇప్పుడు నెత్తిన పెట్టుకుని ఏం చెయ్యాలి? గోడగడియారం రెండుంబావు దాటింది. కోట్లలో లేదంటే ఎక్కడో గుడ్డల మూటలో ఉండొచ్చు, తువ్వాలులో ఉండొచ్చు, తడి బాత్రూములో ఉండొచ్చు. భ్రమరాంబ ముంగురులు వెనక్కి తోసుకుని స్టూలు లాక్కుని కూర్చుంది.

"నూకరత్నం, ఇలా రా. కళ్ళు మూసుకో. అప్పగింతలు మొదలెట్టు. సీసా దగ్గర్నుంచి."

"అందరికీ తెలుసు కదండి మేడం..."

"తెలిసిందే చెప్పు. నోటితో చెప్పు. తొందరపడకు."

నూకరత్నం నూనె కారుతున్న మొహంతో కళ్ళు గట్టిగా మూసుకుంది. "చేతికి నీలం తొడుగులున్నాయండి. సీసా బిరడా బొటనవేలితో నొక్కానండి. కిరసనాయిలు వాసనేసిందండి. తలుపు దగ్గర ఎవరో వచ్చిన అలికిడయితే, సీసా కుడిజేబులో వేసేశానండి. తర్వాత తీసి బీరువాలో పెడదాం అనుకున్నానండి."

"బాగుంది. చుట్టూ చూడు. ఏం కనపడుతోంది?"

"ఎదురుగా గడియారమండి. పదకొండున్నర."

"గడియారం నీకెలా కనపడుతుందే? అది మీ వీపుల వెనకాల గోడమీద కదా ఉంది?"

నూకరత్నం కనుబొమలు ముడిపడ్డాయి. "వెనక్కి తిరిగానేమోనండి... లేదండి. తిరగలేదండి. గడియారం కింద బల్లలున్నాయండి. సువార్త ఆవలిస్తోందండి. షాహెదా కళ్ళద్దాలు తుడుచుకుంటోందండి. ఆ పక్కన..." ఆ పిల్ల ఠక్కున ఆగిపోయింది. "ఆ పక్కన నేనున్నానండి. నాకు నేనే కనపడుతున్నానండి. నోట్సు రాసుకుంటున్నాను."

 పిల్లలు ఒక్కొక్కరే కళ్ళు మూసుకున్నారు, ఒక్కొక్కరే తెరిచారు. తెరిచినవాళ్ళు భ్రమరాంబవైపు చూసి, వెంటనే చూపులు నేలకి దించుకున్నారు. ఎనిమిది నెలలుగా వాళ్ళ తలల్లోకి ఇలాంటివి వందలొచ్చి చేరాయి కానీ, ఒక్కదాన్ని కూడా తీసి వెలుగులో పెట్టి చూసుకున్నది లేదు. గడియారానికి ఎదురుగా నిలబడేది ఆ గదిలో ఒక్కరే.

భ్రమరాంబకి ఆఖర్న తెలిసింది.  పొద్దున పదకొండున్నరకి తలుపు దగ్గర అలికిడి చేసింది ప్రద్యుమ్న. వచ్చినవాడి ఎదుట బల్లమీద సీసా ఉంటే బాగుండదని తీసి జేబులో వేసింది తనే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, కోటు విప్పి, ఉతికే బట్టల కుప్పమీద పడేసి వచ్చింది. శనివారం రెండున్నరకి కునుకు తీసి లేచి బట్టలుతికేది అత్తగారు పేరంటాలమ్మ. ఆవిడకి వాషింగ్‌మెషీనంటే గిట్టదు. బండమీద వేసి బాదితేనే బట్టకి బుద్ధొస్తుందని ఆవిడ నమ్మకం.

"అమ్మో, మా అత్తయ్య!" అంది భ్రమరాంబ. ఆ కేకకి ప్రద్యుమ్న చేతిలో ఫైలు కిందపడింది.

భర్తకి ఫోను చేస్తే రైలుస్టేషన్లో డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. పేరంటాలమ్మకి చేస్తే మోగీ మోగీ ఆగిపోయింది. మోగక ఏం చేస్తుంది? చార్జింగు అయిపోతుందని ఆవిడ ఫోనుని బీరువాలో చీరలకింద దాస్తుంది. ఇల్లు రెండు వీధులవతల. ప్రద్యుమ్న మోటారుసైకిలు తీశాడు. నలభై ఆరేళ్ళ వయసులో, చీరకట్టుతో, కుర్రాడి భుజం పట్టుకుని బండి వెనక కూర్చోవడం భ్రమరాంబకి అదే మొదలు. "తొందరగా పోనీ నాయనా, నీకు పుణ్యముంటుంది" అంటూనే, ప్రతి గతుకుకీ "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఉంటే, పాపం అతను ఏ మాట వినాలో తెలియక రెండూ విన్నాడు.

పెరట్లోకి పరుగెత్తేసరికి పేరంటాలమ్మ ఉతుకుడుబండ పక్కన పీటమీద కూర్చుని ఉంది. బండమీద నీళ్ళు, నురగ. బకెట్లో కోటు మునిగి ఉంది. ఆవిడ చేతిలో చిన్న సీసా ఉంది, బిరడా తీసేసి ఉంది. గోడవారన చీమలబారుమీద కిరసనాయిలు తీరిగ్గా వంపుతోంది.

"అత్తయ్యా! కదలకండి!"

"వచ్చావూ? ఏమే, కిరసనాయిలు సీసాలు జేబులో ఏసుకు తిరుగుతున్నావేంటే? నేను చూసుకోబట్టి సరిపోయింది. ఇందులో ఏదో ముక్కుంది, కర్పూరంలాగ..." అంటూ ఆవిడ సీసా బోర్లించి బండమీద తట్టింది.

భ్రమరాంబ అత్తగారి రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పీట తిరగబడింది, ఇద్దరూ వెనక్కి పడ్డారు. తడిబండమీద శనగగింజంత ముక్క గిరగిరా తిరిగింది, బుసకొట్టింది, పసుపుమంటై లేచి ఠప్పుమంది. కొట్టంమీద కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

అది ఒక్క లిప్తే. పొగ తేరాక చూస్తే, పేరంటాలమ్మ కొంగుకి అణాకాసంత కంత పడి ఉంది. మణికట్టుమీద ఎర్రటి మచ్చ, చుట్టూ బొబ్బ లేస్తోంది. భ్రమరాంబ ఆ చేతిని కుళాయికింద పెట్టించి పావుగంటసేపు వదల్లేదు. వీధి చివర డాక్టరుగారు వచ్చి చూసి, కళ్ళకేం కాలేదు, బొబ్బ వారంలో మానిపోతుంది, మచ్చ మాత్రం ఉండిపోతుందేమో అన్నారు. ఆ మాటకి భ్రమరాంబ కళ్ళు నిండాయి. అత్తగారి మొహం ఇంకో జానెడు ముందుకి వంగి ఉంటే?

"ఇంతకీ ఆ మాయదారి ముక్క నీ జేబులో ఎవరేశారే?" అంది పేరంటాలమ్మ.

భ్రమరాంబ నోటిదాకా ఏదో ఒక సర్దుబాటు వచ్చింది. హడావుడిలో జరిగిపోయిందనో, ఎవరో వచ్చారనో. అది మింగేసింది. "నేనే అత్తయ్యా. నేనే వేసుకున్నాను. మర్చిపోవడం కూడా కాదు, గుర్తుంది. నాది కాదనుకున్నాను. మీ చెయ్యి కాలింది నా మూలానే."

 పేరంటాలమ్మ కోడలి మొహం కాసేపు చూసింది.

"ఏడవకే, ఏడిస్తే బొబ్బ తగ్గుద్దా? నేనేం పోలేదుగా. అయినా ఏం ఎలిగిందే అది! మా పెళ్ళిలో కాల్చిన చిచ్చుబుడ్లు కూడా అంత అందంగా ఎలగలేదు." అని, నవ్వి, వెంటనే మొహం ముడుచుకుని, "ఇకనించీ నీ కోటు నువ్వే ఉతుక్కో. మళ్ళీ నన్ను పిలిచావంటే ఊరుకోను" అంది. గుమ్మంలో బిక్కచచ్చి నిలబడ్డ ప్రద్యుమ్నని చూసి, "ఈ అబ్బాయెవరు, ఇంత పాలిపోయాడు? మజ్జిగియ్యవే" అని కసిరింది.

మజ్జిగ తాగి తేరుకున్నాక ప్రద్యుమ్నకి కొత్త ఆలోచన వచ్చింది. సోమవారం పొద్దున ల్యాబు తీసేసరికి పట్టీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"మేడం, ఒక్క పది నిమిషాలు. పట్టీ కట్టుకుని శనివారం జరిగింది గుర్తుచేసుకోండి చాలు. ఆ భయం, ఆ చప్పుడు, మీ అత్తయ్యగారి చెయ్యి... అంతా ముప్పైమందికీ దిగిపోతుంది. జన్మలో ఒక్క పిల్లకూడా ఆ పొరపాటు చెయ్యదండి."

భ్రమరాంబ పట్టీ చేతిలోకి తీసుకుంది. అతను చెప్పింది నిజమే కావచ్చు. ముప్పైమందికి ఆ మంట తెలుస్తుంది, చేతులు జాగ్రత్తపడతాయి. బర్నరు ముందు వేలు ఊదుకున్నట్టు, సీసా చూడగానే జేబు తడుముకుంటారు. కానీ ఈసారి తప్పు కూడా పంచేస్తే, పేరంటాలమ్మ మణికట్టుమీద మచ్చకి ముప్పై ఒక్కమంది కారణమవుతారు. అంటే ఎవరూ కారు. ఆ మచ్చని రోజూ అన్నం వడ్డించేటప్పుడు చూడాల్సింది తను. అది తనకే ఉండాలి.

"వద్దు ప్రద్యుమ్నా. ఇది నాది. పంచను," అంది. "చెప్తాను."

"రెండింటికీ తేడా ఏముందండి?"

"కూర్చో. చూద్దువుగాని. నివేదిక ఆ తర్వాత రాస్తాను. బ్యూరెట్టు ఎలా పట్టుకోవాలో నేర్పడానికి నీ పెట్టె బంగారమే, అది కూడా రాస్తాను. కానీ అప్పగింతలు అవ్వకుండా నా ల్యాబులో దాని మీట నొక్కనివ్వను."

అతను నొచ్చుకున్నాడు. అయినా వెనకబల్లమీద కూర్చున్నాడు.

గంట కొట్టారు. పిల్లలు వచ్చి, అలవాటుగా పట్టీలకోసం చేతులు చాపి, పెట్టె మూతపెట్టి ఉండడం చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. భ్రమరాంబ వాళ్ళ ఎదుట నిలబడింది. ఇరవైరెండేళ్ళుగా పిల్లల చేత చెప్పించిందే కానీ, ఆ చోట నిలబడి తను ఎన్నడూ చెప్పలేదు.  అప్పుడు తెలిసింది, ఆ పిల్లలకి ఎంత కష్టంగా ఉండేదో.

ఆవిడ కళ్ళు మూసుకుంది.

"శనివారం పదకొండున్నరకి సోడియం సీసా జేబులో వేసుకున్నది నేను. మీరెవ్వరూ కాదు. మీ తలల్లో ఉన్నది నా తప్పు, ఇవాళ అది వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కోటు నేను ఇంటికి పట్టుకెళ్ళి బట్టల కుప్పమీద పడేశాను. దానివల్ల ఒకరి చెయ్యి కాలింది."

అక్కడికి వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది.  కళ్ళు తెరవాలంటే భయమేసింది. పిల్లలు నవ్వుతున్నారేమో, జాలిపడుతున్నారేమో, ఇదీ ఎప్పటిలాగే మనకి తెలిసిందేలే అని కిటికీలోంచి చూస్తున్నారేమో. ఎనిమిది నెలలుగా ఆ గదిలో పాఠం తర్వాత ఎవ్వరూ ఎవ్వర్నీ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మూడో బల్ల దగ్గర స్టూలు కిర్రుమంది. షాహెదా ముందుకి జరిగి కూర్చుంది.

"తర్వాత ఏమైందండీ?" అంది.